సంఘం అడిగిన పని పంచాయతీ ప్లాన్‌లోకి ఎక్కాలంటే

గ్రామసభలకు ఆడవాళ్లు రావడం లేదనే మాట మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అంత నిజం కాదు. గ్రామ సంఘం పనులు చూసే వీఓఏ ఫోన్ చేస్తే పొదుపు సంఘాల వాళ్లు వస్తారు, టెంటు కింద కూర్చుంటారు, రిజిస్టర్‌లో సంతకం పెడతారు, ఫొటో దిగి ఇంటికి పోతారు. కాగితం మీద మహిళల భాగస్వామ్యం వచ్చేస్తుంది. ఏ వీధికి సీసీ రోడ్డు, ఏ వీధికి కాల్వ అన్నది మాత్రం అంతకు నాలుగు రోజుల ముందే ఎవరి అరుగు మీదో తేలిపోయి ఉంటుంది.

అందుకే ఇక్కడ సభ రోజు గురించి చెప్పేది కొంచెమే. సభకు ముందు రెండు మూడు నెలలు ఏం చేయాలి, ఆ తర్వాత పని పూర్తయ్యేదాకా ఏం చూసుకోవాలి అన్నదే ఎక్కువ. చెప్పుకోవడానికి వీలుగా ఒక పని తీసుకుందాం. మీ వీధిలో మురుగు కాల్వ లేదు, వాన పడితే ఇళ్ల ముందు నీళ్లు నిలుస్తాయి. మీ ఊళ్లో సమస్య బోరు కావచ్చు, వీధి దీపాలు కావచ్చు, అంగన్‌వాడీకి ప్రహరీ గోడ కావచ్చు. నడవాల్సిన దారి దాదాపు ఒకటే.

ముందు మీ చేతిలో ఏమున్నాయో చూసుకోండి

1982లో డ్వాక్రా పథకం మొదలైనప్పటి నుంచి సంఘం అంటే పొదుపు, అప్పు, కిస్తీ అన్న అలవాటు పడిపోయింది. కానీ మీ సంఘం మీద గ్రామ సంఘం ఉంది, దాని మీద మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య ఉన్నాయి. ఊళ్లో ఏ పార్టీకీ, ఏ కుల సంఘానికీ ప్రతి నెలా మీటింగ్ పెట్టి, మినిట్స్ రాసి, హాజరు వేసే అలవాటు ఉండదు. మీకు ఉంది. ఆ మినిట్స్ పుస్తకమే మీ మొదటి ఆయుధం.

చట్టం ఇచ్చినవి కూడా ఉన్నాయి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో అది సగం. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీలో ముగ్గురు కో-ఆప్టెడ్ సభ్యులు, అంటే ఎన్నిక లేకుండా తీసుకునే వాళ్లు, ఉంటారు. వాళ్లలో ఒకరు గ్రామ సంఘం అధ్యక్షురాలు. ఆమెకు ఓటు లేదు కానీ మీటింగ్‌లో కూర్చునే, మాట్లాడే హక్కు ఉంది. మీ ఊళ్లో ఆ స్థానంలో ఎవరున్నారో మీకు తెలుసా? తెలియకపోతే మొదట అది కనుక్కోండి.

జల్ జీవన్ మిషన్ నిబంధనల్లో గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగం మంది మహిళలు ఉండాలి. ఊరికి ఐదుగురు మహిళలకు కిట్‌తో నీళ్ల పరీక్ష చేయడం నేర్పాలి. తెలంగాణలో 2024లో వేసిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు గ్రామ సంఘం అధ్యక్షురాలే చైర్‌పర్సన్, ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. బడిలో మంచినీళ్లు, మరుగుదొడ్లు, చిన్న రిపేర్లు ఆ కమిటీల ద్వారానే జరిపించారు. ఇలాంటి కమిటీలు చాలా ఊళ్లలో పేర్ల వరకే ఉంటాయి. కమిటీలో తన పేరు ఉందని ఆ మనిషికే తెలియని సందర్భాలూ ఉంటాయి. పంచాయతీ కార్యదర్శిని అడిగి అన్ని కమిటీల సభ్యుల పేర్లూ రాయించుకోండి. ఒక్క పేజీ కూడా ఉండదు, కానీ చాలా పనికొస్తుంది.

సంఘం మీటింగ్‌లో ఇంకో అరగంట

నెలవారీ మీటింగ్‌లో పొదుపు, అప్పుల లెక్క అయ్యాక ఒక అరగంట 'ఊరి సంగతి'కి పెట్టండి. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ పెద్ద సంగతులు ఇలాగే మొదలయ్యాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం ఏ పార్టీ ఆఫీసులోనూ పుట్టలేదు. అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రిపూట చదువుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు తమ ఇళ్ల గోడు ఒకరికొకరు చెప్పుకోవడంతో అది మొదలైంది. 1992 నాటికి వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్షరాల కోసం వచ్చి కూర్చున్న చోటే సారా మాట వచ్చింది. మీకు ఆ కూర్చునే చోటు ఇప్పటికే ఉంది.

ఆ అరగంటలో ప్రతి ఒక్కరూ ఒక సమస్య చెప్పాలి. మాటకారులు ఇద్దరే మాట్లాడితే ఆ ఇద్దరి వీధి సమస్యే సంఘం సమస్య అయిపోతుంది. ఇక్కడ ఒక మొహమాటం లేని మాట చెప్పాలి. 'మహిళలు' అంటే ఊళ్లో అందరూ ఒకటి కాదు. గ్రామ సంఘం లీడర్లు చాలా చోట్ల కాస్త ఉన్న ఇళ్ల నుంచే వస్తారు. ఎస్సీ కాలనీలో, తండాలో ఉండేవాళ్లు, ఒంటరి మహిళలు, పొదుపు కట్టలేక సంఘం నుంచి బయటికి వెళ్లినవాళ్లు ఆ మీటింగ్‌లో ఉండరు. కాల్వ లేక ఎక్కువ బాధపడేది చాలాసార్లు వాళ్లే, ఎందుకంటే పై వీధుల నీళ్లన్నీ పల్లంలో ఉన్న వాళ్ల ఇళ్లకే చేరతాయి. వాళ్ల వీధికి వెళ్లి, వాళ్ల ఇంటి ముందు కూర్చుని అడగండి. వాళ్లను గుడి దగ్గరికి రమ్మంటే రారు. ఎందుకు రారో మీకూ తెలుసు.

జాబితాలో పది సమస్యలు వస్తాయి. వాటిలో రెండు ఎంచుకోండి. పదీ అడిగితే ఒక్కటీ రాదు. ఒకటి డబ్బు ఎక్కువ కావాల్సినది, అంటే మన కాల్వ లాంటిది. ఇంకోటి తక్కువ ఖర్చుతో నెలలో అయ్యేది, అంటే వీధి దీపం లాంటిది. దీపం వెలిగితే కాల్వ కోసం నడిచే ఓపిక వస్తుంది.

ఆడవాళ్లు అడిగేవి వేరుగా ఉంటాయా అని అడిగేవాళ్లుంటారు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. మహిళలకు రిజర్వైన పంచాయతీల్లో, ముఖ్యంగా మంచినీళ్ల విషయంలో, ఆ ప్రాంతపు ఆడవాళ్లు అడిగే పనుల మీద ఎక్కువ ఖర్చు పెట్టారని అందులో తేలింది. కాబట్టి 'ఇవన్నీ ఆడవాళ్ల చిన్న చిన్న కోరికలు' అని ఎవరైనా తీసేస్తే పట్టించుకోకండి.

వీధి తిరిగి లెక్క రాయండి

'మా వీధిలో కాల్వ లేదు సార్' అంటే 'చూద్దాం అమ్మా' అంటారు. అదే కాగితం పెట్టి చూపిస్తే అంత సులువుగా దాటేయలేరు. నలుగురు కలిసి ఒక ఉదయం వీధి తిరగండి. ఇవి రాసుకోండి:

- వీధి మొదలు ఎక్కడ, చివర ఎక్కడ, సుమారు ఎన్ని మీటర్లు. టేపు లేకపోతే అడుగులు లెక్కపెట్టండి, అంచనాకు అది చాలు.
- ఆ వీధిలో ఎన్ని ఇళ్లు, అందులో ఎన్ని ఎస్సీ, ఎస్టీ ఇళ్లు.
- నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఎన్ని రోజులకు ఇంకుతున్నాయి. వాన పడిన రోజు తీసిన ఫొటో ఉంటే వంద మాటలు అక్కర్లేదు.
- ఈ నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలి.

ఈ నాలుగోది చాలామంది వదిలేస్తారు, పనులు చెడిపోయేది కూడా ఇక్కడే. కాల్వ అడిగేవాళ్లు తమ ఇంటి ముందు నుంచి నీళ్లు పోతే చాలనుకుంటారు. అవి పోయి పక్క వీధిలోనో, ఎవరి పొలం గట్టునో, ఊరి చెరువులోనో కలిస్తే గొడవ మొదలవుతుంది, పని సగంలో ఆగుతుంది. వాటం ఎటు ఉందో ఊళ్లో పెద్దవాళ్లకు బాగా తెలుసు, అడగండి. చివర కలపడానికి సరైన చోటు లేకపోతే ఇంటింటికీ ఇంకుడు గుంత మంచిదేమో ఆలోచించండి. వంటింటి నీళ్లు, స్నానం నీళ్లు మాత్రమే అయితే గుంత సరిపోవచ్చు. నేల నల్లరేగడి అయితే నీళ్లు అంత తొందరగా ఇంకవు, అక్కడ కాల్వే నయం. ఈ చర్చ మీరు ముందే చేసుకుని వెళ్తే ఇంజనీర్ కూడా మిమ్మల్ని వేరేగా చూస్తారు.

క్యాలెండర్ తప్పితే ఏడాది పోయినట్టే

పంచాయతీ తన పనులను ఏడాదికోసారి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పెడుతుంది. జీపీడీపీ అంటారు. దేశమంతా దీని కోసం 2018 నుంచి ఏటా అక్టోబర్ 2న ప్రజా ప్రణాళిక కార్యక్రమం మొదలవుతోంది. ఆ తర్వాతి నెలల్లో సభలు పెట్టి, వచ్చే ఏప్రిల్ నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి ప్లాన్ తయారు చేస్తారు. దాన్ని ఈ-గ్రామ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కిస్తారు. అందులో లేని పనికి నిధులు తేవడం చాలా కష్టం.

అంటే మీ సంఘంలో చర్చ ఆగస్టులో, వీధి లెక్క సెప్టెంబర్‌లో అయిపోవాలి. జనవరిలో వెళ్లి కాల్వ అడిగితే 'ప్లాన్ అయిపోయింది అమ్మా' అంటారు, అందులో అబద్ధం కూడా ఉండదు.

ఇంకో తలుపు కూడా ఉంది, ఇది కేవలం మీ కోసమే పెట్టింది. గ్రామ సంఘం తన తరఫున ఊళ్లో పేదరికం తగ్గించే ప్రణాళిక ఒకటి తయారు చేసి గ్రామసభకు ఇవ్వాలి. దీన్నే వీపీఆర్‌పీ అని మండలంలో సంఘాల పనులు చూసే సిబ్బంది, అంటే సీసీ, ఏపీఎం, మాట్లాడుకోవడం వినే ఉంటారు. ఎవరికి పింఛన్ రావాలి, ఎవరికి జీవనోపాధి సాయం కావాలి అన్న వివరాలతో పాటు ఊరికి కావాల్సిన రోడ్డు, నీళ్లు, కాల్వ లాంటి ఉమ్మడి పనులూ అందులో రాయొచ్చు. చాలా చోట్ల వీఓఏ ఒక్కతే ఫోన్‌లో ఎంట్రీ చేసి పని ముగిస్తుంది. ఆమెను తప్పుపట్టి లాభం లేదు, ఆమె మీద ఉన్న పని అంత. మీరే అడిగి పక్కన కూర్చుని మీ వీధి పని అందులో రాయించండి. రాసినదాన్ని గ్రామ సంఘం మీటింగ్‌లో చదివించి, మినిట్స్‌లో ఎక్కించండి.

సభకు ముందు ఎవరెవరిని కలవాలి

పంచాయతీ కార్యదర్శిని మొదట కలవండి. అజెండా తయారు చేసేది, తీర్మానం రాసేది ఆ మనిషే. మీ సంఘం లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఆ సంతకం లేని లెటర్ ఇవ్వనట్టే లెక్క.

తర్వాత మీ వార్డు సభ్యులు. అధికారం తక్కువని చాలామంది వార్డు మెంబర్లను లెక్క చేయరు. కానీ పంచాయతీ పాలకవర్గం మీటింగ్‌లో మీ వీధి పేరు ఎత్తాల్సింది వాళ్లే.

సర్పంచ్ మహిళ అయితే ఆమెనే కలవాలి. ఇది రాసినంత సులువు కాదని తెలుసు. ఫోన్ చేస్తే భర్త ఎత్తుతాడు, ఇంటికి వెళ్తే 'నాకు చెప్పండమ్మా, నేనే చూస్తాను' అంటాడు. గొడవ పెట్టుకోవద్దు. నలుగురు వెళ్లి, 'అన్నా, మీకూ చెబుతాం, ముందు అక్కతో మాట్లాడనివ్వండి' అని ఆమెతో లోపల కూర్చోండి. లెటర్ ఆమె పేరు మీద రాసి, ఆమె చేతికే ఇవ్వండి. చట్టం ముందు సర్పంచ్ ఆమే, సంతకం ఆమెదే. మీరు పదిమంది ఆమెను సర్పంచ్‌లా చూస్తే ఆమెకూ బలం వస్తుంది. భర్త చేతిలో పని పెడితే తొందరగా అవుతుందన్న ఆశ కలుగుతుంది, ఒక్కోసారి అవుతుంది కూడా. కానీ వచ్చే పనికి కూడా ఆయన దయ మీదే ఆధారపడాల్సి వస్తుంది.

ఇంజనీర్‌ను కూడా ముందే కలవండి. ఆంధ్రలో గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉంటారు. తెలంగాణలో మండలంలో ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను) అడగాలి. ఎస్టిమేట్ సుమారు ఎంతవుతుందో తెలిస్తే సభలో మీ మాటకు బరువుంటుంది. నిధుల సంగతి కూడా అడగండి. ఉదాహరణకు 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం మంచినీళ్లు, పారిశుద్ధ్యానికే కట్టిపడేసింది. మురుగు కాల్వ పారిశుద్ధ్యం కిందికే వస్తుంది. 'డబ్బుల్లేవమ్మా' అన్నప్పుడు 'ఏ పద్దులో లేవు సార్' అని అడిగితే సంభాషణే మారిపోతుంది.

సభ రోజు

తెలంగాణ చట్టంలో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని ఉంది. ఆంధ్రలో 2024 ఆగస్టు 23న ఒకేరోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. సభలకు కొరత లేదు. సమస్యల్లా సమయం, చోటు. నాట్ల రోజుల్లో పొద్దున పదకొండుకు సభ పెడితే కూలికి పోయే ఆడవాళ్లు రాలేరు. సాయంత్రం పెట్టమని, బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో పెట్టమని లెటర్‌లోనే రాయండి. చాటింపు అన్ని వీధులకూ వేయించమని అడగండి. గ్రామసభకు ముందు విడిగా మహిళా సభ పెట్టమని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ చెబుతూనే ఉంది, అదీ అడగండి.

ముగ్గురు పనులు పంచుకోండి. ఒకరు మాట్లాడాలి. ఒకరు కాగితాలు, ఫొటోలు పట్టుకుని చూపించాలి. మూడో మనిషి పని అన్నిటికన్నా ముఖ్యం. చివర్లో లేచి, 'కార్యదర్శి గారూ, మా వీధి కాల్వ గురించి ఏం రాశారో ఒకసారి చదవండి' అని అడగాలి. చదివేదాకా ఎవరూ రిజిస్టర్‌లో సంతకం పెట్టకండి. ఖాళీ పేజీ కింద అసలే వద్దు. మాట్లాడే మనిషికి టెన్షన్ ఉంటుంది, అందుకే ముందురోజు రాత్రి సంఘంలో ఒకసారి గట్టిగా చెప్పించి చూడండి. రెండు నిమిషాలు చాలు: ఏ వీధి, ఎన్ని ఇళ్లు, ఎన్ని మీటర్లు, నీళ్లు ఎక్కడ కలుస్తాయి, ఏ పద్దు.

ఎవరైనా ఎగతాళి చేస్తే, 'ఇంట్లో పని లేదా' అంటే, జవాబు చెప్పే పని పెట్టుకోకండి. మీ టైమ్ అక్కడే అయిపోతుంది. కాగితం చూపించి మళ్లీ కాల్వ మాటకే రండి.

ఇంకో సంగతి. మంత్రి గారి సభలకు, బహిరంగ సభలకు సంఘాల వాళ్లను బస్సులెక్కించి తీసుకెళ్లడం మనకు కొత్త కాదు. రాకపోతే లోన్ ఆగుతుందన్న మాట కూడా వినిపిస్తుంది. సంఘం ఉన్నది దీని కోసం కాదని మీ మీటింగ్‌లో ఒకసారి తీర్మానంగా రాసుకోండి. వెళ్లాలో వద్దో ఎవరికి వారు నిర్ణయించుకుంటారు.

తీర్మానం అయ్యాక అసలు నడక

తీర్మానం కాపీ అడిగి తీసుకోండి, కనీసం ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ప్లాన్ పోర్టల్‌లో ఎక్కాక మీ పని ఉందో లేదో చదువుకున్న పిల్లలతో చూపించండి. మేరీ పంచాయత్ యాప్‌లో కూడా కనిపిస్తుంది. అక్కడ లేకపోతే వెంటనే కార్యదర్శి దగ్గరికి వెళ్లండి.

ఆ తర్వాత ఎస్టిమేట్, సాంకేతిక మంజూరు, పరిపాలనా అనుమతి అని మెట్లు ఉంటాయి. ఫైలు ఏ మెట్టు మీద ఆగిందో తెలియకుండా 'ఏమైంది సార్' అని తిరిగితే కాళ్లు అరగడమే. 'సాంకేతిక మంజూరు వచ్చిందా, ఎవరి దగ్గర ఉంది' అని అడగండి. నెలకు ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని వెళ్లండి. ఒకరే తిరిగితే ఆమె కూలి పోతుంది, ఇంట్లో మాట పడుతుంది, మూడో నెలకు మానేస్తుంది. దారి ఖర్చు సంఘం నుంచి ఇవ్వండి.

పని మొదలయ్యాక

ఇక్కడ చాలా సంఘాలు ఆగిపోతాయి. మంజూరు అయింది కదా, కాంట్రాక్టర్ చూసుకుంటాడు అనుకుంటాయి. కాల్వ విషయంలో చెడిపోయేది రెండు చోట్ల, వాటం, క్యూరింగ్.

వాటం కోసం బెడ్ కాంక్రీట్ పడగానే, గోడలు కట్టకముందే, గట్టిపడ్డాక ఒక బకెట్ నీళ్లు పై చివర పోసి చూడండి. ఎక్కడ నిలిచిందో అక్కడ సున్నంతో గుర్తు పెట్టి ఇంజనీర్‌కు చూపించండి. మొత్తం అయ్యాక అడిగితే పగలగొట్టడానికి ఎవరూ ఒప్పుకోరు.

క్యూరింగ్ అంటే కాంక్రీట్‌ను తడిగా ఉంచడం. మామూలు ఓపీసీ సిమెంట్ అయితే కనీసం 7 రోజులు, పీపీసీ అయితే 10 రోజులు. ఏ సిమెంటో బస్తా మీద రాసి ఉంటుంది, చూడండి. వేసవిలో గోనె సంచులు కప్పి తడపాలి. తడపడం కాంట్రాక్టర్ పని. ఆ వీధి ఆడవాళ్లే బిందెలతో తడిపి, దాన్ని 'శ్రమదానం' అనుకోవద్దు. ఎస్టిమేట్‌లో డబ్బు ఉన్న పనిని ఉచితంగా చేసిపెట్టడం మీ భాగస్వామ్యంలోకి రాదు. ఊళ్లో ఊడ్చే పని, వంట పని ఆడవాళ్లకూ, కొలతల పుస్తకం మగవాళ్లకూ వదిలేసే అలవాటు ఇలాగే సాగుతోంది.

రోజుకు ఒకరు చొప్పున పని చూసే వంతు వేసుకోండి. వచ్చిన సిమెంట్ బస్తాలు ఎన్ని, కాల్వ లోతు, వెడల్పు, గోడ మందం ఎంత అని నోటు పుస్తకంలో రాయండి. ఎస్టిమేట్ కాపీ ఉంటే దానితో పోల్చండి.

కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితాలే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా 2005 చట్టంలోనే ఉన్నాయి. దరఖాస్తులో ఇలా రాస్తే చాలు: 'ఫలానా వీధి మురుగు కాల్వ పనికి సంబంధించిన ఎస్టిమేట్, కొలతల పుస్తకం పేజీలు, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇప్పించగలరు.' 'అవినీతి జరిగింది, విచారించండి' అని అందులో రాయొద్దు, దానికి వేరే దారి ఉంది. దరఖాస్తు ఒక్కరి పేరు మీద వేయాల్సి వస్తే ఆ మనిషి మీద ఒత్తిడి వస్తుంది. అందుకని ముగ్గురు నలుగురు ఒకే ప్రశ్నతో విడివిడిగా వేయండి.

పని నాణ్యత బాగాలేదని గట్టిగా అనిపిస్తే బిల్లు పాస్ కాకముందే కలెక్టరేట్‌కు వెళ్లండి. సోమవారం అక్కడ జనం అర్జీలు తీసుకుంటారు, దాన్ని తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్ఎస్ అంటారు. ఫొటోలు, మీ నోటు పుస్తకం పేజీల జిరాక్స్, తీర్మానం కాపీ కలిపి ఇవ్వండి, అర్జీ నంబర్ తీసుకోండి. ఆ నంబర్ సంఘం మినిట్స్‌లో రాయండి, వచ్చే నెల మీటింగ్‌లో దాని మీదే ముందు మాట్లాడండి.

అన్నీ సరిగా జరిగి కాల్వ వచ్చిందనుకుందాం. పూడిక ఎవరు తీయాలి, ఎన్ని రోజులకోసారి తీయాలి అన్నది పంచాయతీ పారిశుద్ధ్య సిబ్బందితో మాట్లాడి, అది కూడా తర్వాతి సభలో తీర్మానంగా రాయించండి. ఆ రోజే మీ జాబితాలో మిగిలిన ఎనిమిదింటిలోంచి తర్వాతి పని తీయొచ్చు. ఈసారి మాట్లాడే వంతు పోయినసారి కాగితాలు పట్టుకున్న మనిషికి ఇవ్వండి.